మన బొమ్మలో మన ఎండ: హాలియా వెలుతురు ప్రణాళిక

ఇప్పుడు మన ఊళ్లలో ముగ్గు పోయకముందే ఇల్లు కనిపిస్తోంది. నల్లగొండ జిల్లా హాలియాలో ఏ ప్లానింగ్ ఆఫీసు మెట్లెక్కినా, మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో ఎక్కడ అడిగినా మొదట చేతికొచ్చేది త్రీడీ ఎలివేషన్. ఇంటాయన దాన్ని ఫోన్లో పెట్టుకుంటాడు. చుట్టాలకు వాట్సాప్ చేస్తాడు. మేస్త్రీకి చూపించి ‘అచ్చం ఇట్లనే రావాలె’ అంటాడు. బ్యాంకు లోను కాగితాల మీద సంతకం పెట్టేది కూడా ఆ బొమ్మను నమ్ముకునే.

ఆ బొమ్మలన్నిటికీ ఒకటే ఆకాశం. పైన ముదురు నీలం, అంచున నారింజ. ప్రతి కిటికీలోంచీ పసుపు వెలుగు. వాన లేకున్నా రోడ్డు తడిసి మెరుస్తుంటుంది. ఇంటి ముందు ఆపిన కారు మన దగ్గర అమ్మరు, గోడ పక్కన నాటిన చెట్టు మన చెల్కలో బతకదు. కారునూ చెట్టునూ వదిలేయొచ్చు, ఇల్లు కట్టేవాళ్లు వాటి కోసం అప్పు చేయరు. ఎండ సంగతి అలా కాదు. కిటికీ ఎటు పెట్టాలి, సజ్జ ఎంత ముందుకు తీయాలి, ముందు గోడకు అద్దం పెట్టించాలా వద్దా, ఏ రంగు వేయించాలి అనే నిర్ణయాలన్నీ ఆ బొమ్మలోని వెలుతురును చూసే జరుగుతున్నాయి. బొమ్మలో సాయంత్రం బంగారంలా మెరిసిన పడమటి అద్దానికి, గృహప్రవేశం తర్వాత వచ్చే మొదటి ఎండాకాలంలోనే మందపాటి కర్టెను పడుతోంది. కర్టెను ఖర్చు ఇంటివాళ్లది. బొమ్మ గీసినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

అందుకే ఈ ప్రణాళిక. కంప్యూటర్లో కట్టే ఇంటి మీద పడే వెలుతురు ఆ ఇల్లు లేవబోయే చోటిదై ఉండాలి. అడిగినవాళ్లకు లెక్క చూపించగలిగేదై ఉండాలి. మా ఉద్యమం ఇంతే. మిగిలినదంతా దీన్ని ఎలా చేయాలన్న వివరం.

హాలియా నుంచే ఎందుకు

1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతుల మీదుగా కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పారాక ఈ వైపు ఊళ్ల రూపే మారింది. వరి వచ్చింది. వరి వెంట మిర్యాలగూడ మిల్లులు వచ్చాయి. చేతిలో డబ్బు ఆడాక మట్టిగోడలు, పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు లేచాయి. హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడ్డాయి. ఈరోజు మన దగ్గర ఇల్లు కడితే సిమెంటు మనది, నాపరాయి మనది, కూలీ మనది, కడుపుకట్టి కూడబెట్టిన డబ్బు మనది. ఆ ఇంటి బొమ్మలో వెలుతురు ఒక్కటే అరువు సొమ్ము.

ఇంకో కారణం ఉంది. పెద్ద నగరంలో కూర్చుని పరదేశపు టవర్లకు రెండర్ చేసేవాళ్లు తాము గీసిన భవనాన్ని కళ్లతో చూడకపోవచ్చు. మాకు ఆ ఇబ్బంది లేదు. మేం గీసిన ఇల్లు ఏడాది తిరిగేలోపు మా వీధి చివరే లేస్తుంది. మేం ఆ దారినే టీ తాగడానికి పోతాం. బొమ్మనూ ఇంటినీ అదే గంటకు, అదే చోట నిలబడి పక్కపక్కన పెట్టి చూడగలం. వెలుతురు మీద ప్రయోగం చేయడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఉండదు. చిన్న ఊరు కావడం ఇక్కడ మా బలం.

మాలో త్రీడీ గీసేవాళ్లున్నారు, సైటు ఇంజనీర్లున్నారు, పాలిటెక్నిక్ పిల్లలున్నారు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాళ్లున్నారు, రంగులేసే మేస్త్రీలున్నారు. వెలుతురు గురించి మాలో అందరికంటే ఎక్కువ తెలిసింది బహుశా రంగుల మేస్త్రీలకే. ఏ గోడకు ఏ ఛాయ పొద్దున ఎలా ఉంటుందో, మధ్యాహ్నానికి ఎలా తేలిపోతుందో వాళ్లు డబ్బా మూత తీయకముందే చెబుతారు.

ముందే నడిచినవాళ్లు

ఈ విద్య మరీ పాతదేం కాదు. 1980లో టర్నర్ విటెడ్ చూపించిన రే ట్రేసింగ్‌తో అద్దాలు, గాజు గోళాలు నిజంలా కనిపించాయి. నీడలు మాత్రం కత్తితో కోసినట్టు, లోపల చీకటి గుయ్యారంలా ఉండేవి. ఆ చీకటిని కప్పడానికి బొమ్మ అంతటా ఒకేలా కొంత వెలుగు పూసేవాళ్లు. 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం బృందం గోడలు ఒకదానికొకటి వెలుతురు ఎలా పంచుకుంటాయో లెక్కగట్టింది. ఎర్ర గోడ పక్కన ఉన్న తెల్ల గోడకు ఎరుపు ఛాయ అంటడం బొమ్మలో కనిపించింది. 1986లో జేమ్స్ కజియా ఈ లెక్కలన్నిటినీ ఒకే సమీకరణం కిందికి తెచ్చాడు. ఇవాళ మన కంప్యూటర్లలో ఉన్న వీ-రే, సైకిల్స్, కరోనా లాంటి రెండర్ ఇంజిన్లన్నీ ఆ సమీకరణానికి తలా ఒక దారిలో జవాబు వెతికేవే.

కార్నెల్ వాళ్ల దగ్గర మేం తీసుకునే పాఠం గణితం కంటే పద్ధతిది. వాళ్లు లెక్కగట్టి ఊరుకోలేదు. లెక్కలోని రంగు గోడల్లాంటివే ఉన్న పెట్టెను నిజంగా చేయించి, గోడల రంగును పరికరంతో కొలిచి, నిజం పెట్టెనూ కంప్యూటర్ పెట్టెనూ పోల్చి చూశారు. ‘నిజంలా ఉంది’ అనే మాటకు అదీ అర్థం. చూసినవాళ్లు ఆహా అంటే సరిపోదు, కొలిచినవాళ్లు ఔను అనాలి.

మేం కట్టుబడే సూత్రాలు

1. ఎండకు తేదీ, గంట, దిక్కు ఉండాలి

వాస్తు కోసం మనం దిక్సూచి పెట్టి డిగ్రీలు చూస్తాం. ఈశాన్యం ఒక అడుగు పెరిగిందా తగ్గిందా అని నలుగురిని అడుగుతాం. అదే ఇంటి త్రీడీ బొమ్మలో ఉత్తరం ఎటో ఎవరం అడగం. గీసేవాళ్లు సూర్యుణ్ని అందం కుదిరిన చోట పెట్టేస్తారు. తూర్పు ముఖం ఇంటికి సాయంత్రపు ఎండ ముందు నుంచి పడుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

హాలియా సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దాని అర్థం ఏమిటో బొమ్మ గీసే ప్రతివాళ్లకూ నోటికి రావాలి. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్ 21న నడినెత్తి నుంచి ఆరున్నర డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబర్ 22న దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో నిలుస్తాడు. ఉత్తరం గోడకు మధ్యాహ్నం ఎండ తగలదన్నది ఐరోపా పుస్తకంలోని మాట. మన దగ్గర ఎండాకాలంలో తగులుతుంది.

దీన్ని ఒక కిటికీ మీద చూద్దాం. కిటికీ పైఅంచు దగ్గర రెండడుగుల సజ్జ ఉందనుకోండి. దక్షిణం గోడ మీద డిసెంబర్ మధ్యాహ్నం ఆ సజ్జ నీడ సుమారు రెండడుగుల అయిదంగుళాలు కిందికి దిగుతుంది. నాలుగడుగుల కిటికీలో సగానికి పైగా నీడే. అదే సజ్జను పడమటి గోడకు పెట్టండి. మే మొదటి వారం సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు 35 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. సజ్జ నీడ అడుగున్నర కూడా దిగదు. మిగిలిన రెండున్నర అడుగుల కిటికీలోంచి ఎండ మంచం మీదికొస్తుంది. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట వేస్తే అదే చూపిస్తుంది. ఆ నాలుగు గడులు ఖాళీగా వదిలేయడం ఇక మా దగ్గర జరగదు.

సూత్రం: ప్రతి బొమ్మ మూలన ఉత్తరం గుర్తు, ఊరు, తేదీ, గంట రాసి తీరాలి. పడమటి కిటికీ ఉన్న ప్రతి ఇంటికీ మే నెల సాయంత్రం నాలుగు గంటల బొమ్మ ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి.

2. ఆకాశం కూడా మన ఊరిదే కావాలి

1990ల చివర పాల్ డెబెవెక్ ఒక దారి చూపాడు. ఒక చోట నిలబడి చుట్టూ వేర్వేరు ఎక్స్‌పోజర్లతో ఫొటోలు తీసి, వాటిని కలిపి, ఆ చోటి వెలుతురునే కంప్యూటర్ వస్తువుల మీద పడేలా చేశాడు. మనం హెచ్‌డీఆర్‌ఐ అని పిలిచే ఫైళ్లు ఆ దారిలోవే. ఆ పద్ధతి ప్రాణమంతా ‘ఆ చోటి వెలుతురు’ అన్న మాటలోనే ఉంది. మనం ఆ ప్రాణం తీసేసి ఫైలు మాత్రం డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం. ఏదో చలిదేశంలో సూర్యుడు కొండ అంచున వేలాడే రోజు తీసిన ఆకాశాన్ని హాలియా డాబా మీద కప్పుతున్నాం. నీడలు పొడుగ్గా, నీలంగా, హాయిగా పడతాయి. అలాంటి మధ్యాహ్నం మన ఊరు ఎన్నడూ ఎరగదు.

మే నెల మధ్యాహ్నం మన ఆకాశం నీలంగా ఉండదు. వడగాలికి లేచిన దుమ్ముతో తెల్లబారిపోయి ఉంటుంది. కోతలయ్యాక కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో సాయంత్రం సూర్యుడు రాగి రంగుకు తిరుగుతాడు. గట్టి వాన వెలిసిన మర్నాడు మాత్రం కాలువ అవతలి గట్టు మీద గడ్డిపోచ కూడా కనిపించేంత తేటగా ఉంటుంది. ఈ తేడాలను అంకెల్లో పెట్టే నమూనాలు ఉన్నాయి. 1993లో నిషిత బృందం, 1999లో ప్రీతం బృందం, 2012లో హోషెక్, విల్కీ తయారుచేసిన ఆకాశ నమూనాలు మనం వాడే సాఫ్ట్‌వేర్లలోకి వచ్చేశాయి. వాటిలో గాలి ఎంత మసకగా ఉందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఎలా ఉందో అలా వదిలేస్తారు. మేం దాన్ని నెలను బట్టి మారుస్తాం.

సూత్రం: ఎక్కడ తీసిందో తెలియని ఆకాశాన్ని వాడం. కాలువ గట్టు మీద, మిల్లుల రోడ్డులో, బస్టాండు దగ్గర, వరి పొలం మధ్యలో మన ఆకాశాలు మనమే తీసుకుంటాం. నేరుగా సూర్యుణ్ని ఫొటోలో పట్టడం మామూలు కెమెరాకు సాధ్యం కాదు, తెల్లగా తెగిపోతుంది. అందుకే ఫొటోలోంచి సూర్యుణ్ని తుడిచేసి, తేదీ, గంట లెక్క ప్రకారం వేరే సూర్యుణ్ని పెడతాం.

3. తాకి తిరిగొచ్చే వెలుతురే ఇంటికి ఆధారం

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి కందూరు చోడుల కాలపు త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదాని లోపలి గోడ మీద పగలంతా ఒక నిలువు నీడ ఒకే చోట నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడుస్తున్నా ఆ నీడ జరగదు. చూసేవాళ్లకు వింత. కారణం మాత్రం నిర్మాణంలోనే ఉంది. ఆ గోడ మీద నేరుగా ఎండ పడదు. మిగతా వైపుల నుంచి మండపంలోకి చేరి, నేలకూ రాళ్లకూ తాకి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. స్తంభాలు అడ్డుపడిన మేర నీడ నిలుస్తుంది. వెలుతురు వచ్చే దారులు మారవు కాబట్టి నీడ కూడా మారదు.

కంప్యూటర్లు రావడానికి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల ముందే మన జిల్లాలో రాతితో ఇంత సూక్ష్మంగా వెలుతురును నడిపించినవాళ్లున్నారు. మా ఉద్యమానికి తొలి పరీక్ష అదే గుడి. కొలతలు తీసి మోడల్ కడతాం. మొదట నేరుగా పడే ఎండ ఒక్కటే ఉంచి చూస్తాం. తర్వాత వెలుతురు తాకి తిరగడాన్ని ఒక్కొక్క బౌన్స్ చొప్పున పెంచుతూ పోతాం. ఆ నీడ మా బొమ్మలో ఎన్నో బౌన్స్ దగ్గర పుడుతుందో, అసలు చోటనే పుడుతుందో లేదో చూస్తాం. పుట్టకపోతే తప్పు మోడల్‌దో, రాయి రంగుదో, ఇంజిన్‌దో తేలేదాకా వదలం.

మన ఇళ్లలోనూ జరిగేది అదే. వాకిట్లో ఎర్రమట్టి ఉంటే వరండా పైకప్పుకు ఎరుపు ఛాయ అంటుతుంది. ఎదురుగా నాటేసిన వరి ఉంటే తెల్లగోడకు లేత ఆకుపచ్చ తగులుతుంది. ఈ ఛాయలు లేని బొమ్మ ఎంత పదునుగా ఉన్నా గాల్లో తేలుతున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడే తెలుపు సంగతి చెప్పాలి. కొత్తగా కొట్టిన సున్నం కూడా తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతమే తిప్పి పంపుతుంది. కొత్త తారు రోడ్డు పది శాతం లోపే. మన బొమ్మల్లో మాత్రం తెల్లగోడకు చివరి అంకె దాకా తెలుపు ఇచ్చేస్తారు. 80 శాతం గోడల మధ్య పదిసార్లు తిరిగిన వెలుతురు పదో వంతుకు తగ్గుతుంది. 95 శాతం గోడల మధ్య నూటికి అరవై వంతులు మిగిలే ఉంటుంది. నూటికి నూరు ఇస్తే ఎప్పటికీ చావదు. కిటికీ ఒక్కటే ఉన్న అర్ర బొమ్మలో ఫంక్షన్ హాలులా వెలిగిపోవడానికి అసలు కారణం ఈ ఒక్క అంకె.

సూత్రం: ఏ గోడకూ 80 శాతం మించి తెలుపు ఇవ్వం. ఇంటి చుట్టూ ఉన్న నేలను, ఎదురింటి గోడను మోడల్‌లో పెట్టకుండా ఇంటి బొమ్మ తీయం.

4. బల్బుకు ల్యూమెన్లు, రంగుకు కెల్విన్లు

రాత్రి బొమ్మల్లో జరిగే మోసం పగటి బొమ్మల కంటే పెద్దది. ఫాల్స్ సీలింగ్ అంచున దాచిన పట్టీ లైటు ఒక్కటే హాలంతా వెలిగించినట్టు చూపిస్తారు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 800 నుంచి 900 ల్యూమెన్లు. డబ్బా మీదే రాసి ఉంటుంది. బొమ్మలో ఆ బల్బుకు ఎంత ఇచ్చారని అడిగితే ‘యాభై పెట్టా, బాగుంది’ అనే జవాబు వస్తుంది. యాభై ఏమిటి?

రంగు కూడా అంతే. బొమ్మల్లో అన్ని దీపాలూ 3000 కెల్విన్ల పసుపు. మన ఇళ్లలో బిగించేది ఎక్కువగా 6500 కెల్విన్ల తెల్ల ట్యూబు. ఆ తెలుపు కింద లేత పసుపు గోడ ఎలా పాలిపోతుందో, మెరూన్ సోఫా ఎలా నల్లబడుతుందో ఇంటివాళ్లు డబ్బు పెట్టకముందే చూడాలి. చూశాక పసుపు దీపాలే కావాలంటే వాళ్లిష్టం.

సూత్రం: దీపం ఏ వైపు ఎంత వెలుగు చిమ్ముతుందో చెప్పే ఐఈఎస్ ఫైలు కంపెనీ ఇస్తే అదే వాడతాం. లేకుంటే డబ్బా మీది ల్యూమెన్లు, కెల్విన్లు వేస్తాం. ఇంట్లో బిగించబోయే దీపాలు తప్ప బొమ్మలో మరో దీపం వెలగదు.

5. కెమెరా మనిషి నిలబడగలిగే చోటే ఉండాలి

ఎండలో బయట లక్ష లక్స్ వెలుతురు ఉన్నప్పుడు లోపలి అర్ర మధ్యలో వంద, రెండు వందలే ఉండొచ్చు. కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. లోపల సోఫా కుట్లూ, కిటికీ బయట మబ్బు అంచులూ ఒకే బొమ్మలో స్పష్టంగా కనిపిస్తే అక్కడ ఏదో సర్దినట్టే. సర్దడం నేరం కాదు, చెప్పకపోవడం నేరం. ఈ విషయంలో సాఫ్ట్‌వేర్లు మెరుగయ్యాయి. 2023లో వచ్చిన బ్లెండర్ 4.0లో ఏజీఎక్స్ అనే పద్ధతిని మొదటి ఎంపికగా పెట్టాక, మండే వెలుగు దగ్గర రంగులు వెర్రిగా మారడం తగ్గింది.

లెన్సు సంగతి ఇంకా సూటిగా చెప్పొచ్చు. ఇరవై అడుగుల రోడ్డు మీద నిలబడితే కనిపించే ఇంటిని ఎదురింటి గోడల్లోంచి దూసుకెళ్లి వంద అడుగుల దూరం నుంచి చూసినట్టు గీస్తారు. లోపలైతే 14 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి పది బై పన్నెండు అర్రను పెళ్లిమండపం చేస్తారు.

సూత్రం: కెమెరా ఎత్తు అయిదడుగులు. లెన్సు 24 మిల్లీమీటర్లకు తగ్గదు. కెమెరా నిలబడిన చోట గోడ ఉంటే ఆ బొమ్మ చెల్లదు.

6. దుమ్మును, చుక్కలను దాచం

ఒక బొమ్మలో ఇసుక రేణువుల్లా కనిపించే నాయిస్ సగానికి తగ్గాలంటే శాంపిల్స్, అంటే ఒక్కో చుక్కకు లెక్కగట్టే కిరణాలు, నాలుగింతలు చేయాలి. అంటే కంప్యూటర్ నాలుగింతల సేపు కూర్చోవాలి. ఆ సేపు మిగుల్చుకోవడానికి డీనాయిజర్ వాడతాం. అది చుక్కలను తుడుస్తూ, కొన్నిసార్లు నాపరాయి గరుకును, సున్నం గీతలను కూడా తుడిచేస్తుంది. ఫలితం ప్లాస్టిక్ ఇల్లు. డీనాయిజర్ వాడొచ్చు. తుడవని బొమ్మను పక్కన పెట్టి, పోయింది చుక్కా వివరమా అని చూసి వాడాలి.

మాటలు టైపు చేస్తే బొమ్మ ఇచ్చే ఏఐ గురించి మా మాట ఇది: ఆలోచన కోసం ఎంతైనా వాడుకోండి. ఆ బొమ్మకు ఇంటి కొలతలు తెలియవు, ఉత్తరం తెలియదు, అందులోని నీడ ఏ సూర్యుడిదీ కాదు. అందుకని దాన్ని ఎలివేషన్ అనే పేరుతో ఇంటివాళ్ల చేతికి ఇవ్వం.

ఇక దుమ్ము సంగతి. మిల్లుల ఊరిలో తెల్లగోడ ఏడాదికే బూడిద రంగుకు తిరుగుతుంది. సజ్జ చివర నీటి చార దిగుతుంది. అడిగినవాళ్లకు కొత్త ఇంటి బొమ్మతో పాటు మూడేళ్ల తర్వాతి ఇంటి బొమ్మ కూడా ఇస్తాం.

అందం మీద మాకు పగ లేదు

‘ఉన్నదున్నట్టు చూపిస్తే పార్టీ పక్క ఆఫీసుకు పోతాడు’ అనే మాట మాకూ వినబడుతుంది. నిజమే, నూటికి నూరుమంది మధ్యాహ్నపు ఎండ బొమ్మను ఫ్రేము కట్టించుకోరు. అందుకే మేం అందమైన బొమ్మను ఆపమనడం లేదు. దాని పక్కన ఇంకొకటి ఇవ్వమంటున్నాం. కార్తీక మాసం పొద్దున్నే ఏడు గంటల ఎండ మన ఊళ్లోనూ అందంగానే ఉంటుంది. తేదీ వేసి అదే గీయండి. 2009లో అలెక్స్ రోమన్ అనే స్పెయిన్ కళాకారుడు దాదాపు ఒంటిచేత్తో తీసిన ‘ది థర్డ్ అండ్ ది సెవెంత్’ అనే చిన్న సినిమాను ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది. అందులో ప్రధానంగా ఉన్నది కంప్యూటర్లో కట్టిన భవనాలు, వాటి మీద పడే వెలుతురు. వెలుతురు మీద శ్రద్ధ పెట్టినవాళ్లకు అందం వేరే అరువు తేవాల్సిన పని లేదు.

డబ్బు సాకు కూడా చెల్లదు. 2002లో వాడేవాళ్లంతా కలిసి ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి బ్లెండర్‌ను అందరి సొత్తు చేశారు. ఎవరికైనా అది ఉచితం. దానిలో వెలుతురును లెక్కగట్టే సైకిల్స్ 2011లో వచ్చింది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ తయారుచేసిన రేడియన్స్ కూడా ఉచితమే. గదిలో ఏ మూల ఎన్ని లక్స్ పడతాయో అది అంకెల్లో చెబుతుంది. చూపుకు బ్లెండర్, లెక్కకు రేడియన్స్. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో భయపడుతూ బతకాల్సిన అవసరం లేదు.

మా పని

మొదటిది, పరీక్ష అర్ర. హాలియాలో పది బై పన్నెండు అర్ర ఒకటి తీసుకుంటాం. సున్నం గోడలు, నాపరాయి నేల, తూర్పున దర్వాజ, పడమట కిటికీ. అంగుళం వదలకుండా కొలుస్తాం. తొమ్మిది చోట్ల లక్స్ మీటరు పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు రాస్తాం. సంక్రాంతి, ఉగాది, నడినెత్తి ఎండ రోజు, దసరా వంటి వేర్వేరు కాలాల్లో మళ్లీ కొలుస్తాం. అదే అర్రను కంప్యూటర్లో కట్టి, ఫొటోనూ రెండర్‌నూ పక్కపక్కన పెట్టి బయట పెడతాం. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ ముందు ఆ అర్రను సరిగ్గా వెలిగించాలి, తర్వాతే పార్టీ ఇంటికి చేయి వేయాలి.

రెండోది, మన వస్తువుల పట్టిక. సున్నం, ఎర్ర చెల్క, నల్లరేగడి, నాపరాయి, సిమెంటు ప్లాస్టరు, రేకు, వరి మడి, కాలువ నీళ్లు. ఒక్కొక్కటి ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో, తడిసినప్పుడు ఎంత తగ్గుతుందో కొలిచి ఉంచుతాం. మెరుపు రాళ్లకు సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ల నునుపైన నల్లరాతి స్తంభాలే మాకు గీటురాయి. కాకతీయుల నాటి ఆ నునుపును తెరమీద పట్టగలిగితే ఏ గ్రానైటునైనా పట్టగలం.

మూడోది, పాత ఇళ్ల వెలుతురు. నడిమధ్య వాకిలి ఉన్న భవంతి ఇళ్లు ఒక్కొక్కటే కూలుతున్నాయి. మధ్యలో తెరిచిన చోటు నుంచి నాలుగు పక్కల అర్రలకూ వెలుతురు ఎలా పంచారో కొలిచి, మోడల్ కట్టి దాచుతాం. కొత్త ఇంటికి పనికొచ్చే పాఠాలు వాటిలోనే ఉన్నాయి.

నాలుగోది, పంపకం. మేం తీసే ఆకాశాలు, కొలిచే అంకెలు, కట్టే మోడళ్లు అన్నీ ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెడతాం. వివరం తెలుగులోనే రాస్తాం. మా పట్టిక మీద తాళం ఉండదు.

చేరాలనుకునేవాళ్లకు

చందా లేదు, అధ్యక్షుడు లేడు. షరతు ఒక్కటే. మీరు చేసే ప్రతి ఇంటికీ కనీసం ఒక నిజం బొమ్మ ఇవ్వాలి. దాని కింద ఊరు, ఉత్తరం, తేదీ, గంట, లెన్సు, దీపాల ల్యూమెన్లు, తర్వాత ఫొటోషాప్‌లో ఏం మార్చారో రాయాలి. ఇల్లు పూర్తయ్యాక అదే తేదీకి, అదే గంటకు, అదే చోట నిలబడి ఫొటో తీసి పక్కన పెట్టాలి. తేడా వస్తే దాచకుండా నలుగురికీ చూపాలి. అందరూ నేర్చుకునేది ఆ తేడా నుంచే.

ఇల్లు కట్టించేవాళ్లకు మా విన్నపం ఇంకా చిన్నది. ఎలివేషన్ చేతికిచ్చినప్పుడు రంగు బాగుందా, డిజైను బాగుందా అని చూసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ‘ఇందులో ఉత్తరం ఎటు? ఇది ఏ నెల, ఎన్ని గంటల ఎండ?’ జవాబు లేకపోతే సంతకం పెట్టకండి, బయానా ఇవ్వకండి. మీరు అడగడం మొదలుపెట్టిన రోజు నుంచి మేం గీయడం మారుతుంది.